పెన్ను కనెక్ట్ కావట్లేదా? ముందు అది కనెక్ట్ అయ్యే రకమో కాదో చూడాలి

ట్యాబ్ మీద రాసే పెన్ను మొరాయిస్తే దాదాపు అందరూ చేసేది ఒకటే. సెట్టింగ్స్‌లోకి వెళ్ళి బ్లూటూత్ ఆన్ చేసి, జాబితాలో పెన్ను పేరు వస్తుందేమోనని చూస్తారు. రాకపోతే బ్లూటూత్ ఆపి మళ్ళీ వేస్తారు, ట్యాబ్ స్విచాఫ్ చేసి ఆన్ చేస్తారు. అప్పటికీ కాకపోతే ఎవరో చెప్పారని ఫ్యాక్టరీ రీసెట్ కొట్టి, పెన్ను సంగతి తేలకముందే ఉన్న నోట్సు పోగొట్టుకుంటారు. ఇంత హైరానాలోనూ అడగాల్సిన మొదటి ప్రశ్న మిగిలిపోతుంది: అసలు ఈ పెన్నుకి బ్లూటూత్ ఉందా? బజారులో దొరికే పెన్నుల్లో చాలావాటికి ఉండదు. కొన్నింటికి బ్యాటరీయే ఉండదు. వాటి పేరు బ్లూటూత్ జాబితాలో వెతకడమంటే బండి ఎక్కని చుట్టం కోసం స్టేషన్లో కాచుకు కూర్చోవడమే.

ఒడిశా దక్షిణపు అంచున పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, బరంపురంలో ఉండే తెలుగువాళ్ళు ఈ ప్రశ్న ముందే అడగకపోతే చేతి చమురు ఎక్కువ వదులుతుంది. 1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరే ప్రావిన్సుగా ఏర్పడినప్పుడు సరిహద్దుకి అటువైపు చేరిన ఊళ్ళివి. అయినా బట్టలకీ, ఆస్పత్రికీ, ఎలక్ట్రానిక్స్ రిపేర్లకీ ఇప్పటికీ చాలా ఇళ్ళ చూపు శ్రీకాకుళం, విశాఖల వైపే. పెద్ద కంపెనీ పెన్ను పట్టుకుని విశాఖకో భువనేశ్వర్‌కో వెళ్తే రోజంతా పోయినట్టే. తీరా వెళ్ళాక "దీనికి రిపేరేమీ లేదండి, ఈ పెన్ను మీ ట్యాబ్‌ది కాదు" అనిపించుకుని రావడం కంటే ఇంటి దగ్గరే ఓ అరగంట కూర్చుని తేల్చుకోవడం మేలు.

పెన్నులు వాడేవాళ్ళు కూడా ఇక్కడ తక్కువేం కాదు. ప్లస్ టూ పిల్లలకి ఆన్‌లైన్లో లెక్కలు చెప్పే ట్యూషన్ మాస్టార్లు, నీట్, జేఈఈలకి చదువుకునే పిల్లలు, బరంపురం పట్టుచీరల అంచులకి కంప్యూటర్ మీద డిజైన్లు గీసేవాళ్ళు. వీళ్ళ అవసరాలు వేరు, పెన్నులు వేరు. అందరి ఫిర్యాదూ మాత్రం ఒకే మాటలో వస్తుంది: కనెక్ట్ కావట్లేదు.

చూడ్డానికి ఒకటే, లోపల వేరు

అన్నిటికంటే చవకది రబ్బరు బుడిపె పెన్ను, లేదా మొన దగ్గర చిన్న పారదర్శకపు బిళ్ళ ఉండేది. ఇది వేలికి బదులు అంతే. మన ఒంట్లోంచి పెన్ను లోహం మీదుగా మొనకి అందే విద్యుత్ ప్రభావాన్ని స్క్రీన్ పసిగడుతుంది. దీనికి ఛార్జింగ్ లేదు, పేరింగ్ (పెన్నునీ ట్యాబ్‌నీ బ్లూటూత్‌లో జత కలపడం) లేదు. వేలు పనిచేసే ఏ స్క్రీన్ మీదైనా ఇది పనిచేయాలి. చేయకపోతే బుడిపె అరిగినట్టు, లేదా పట్టుకునే చోట పెయింటో ప్లాస్టిక్ తొడుగో అడ్డుపడుతున్నట్టు. అంతకు మించి దీని గురించి ఆలోచించేది లేదు.

రెండోది శాంసంగ్ ఎస్ పెన్ లాంటిది. దీని వెనక ఉన్నది వాకమ్ కంపెనీ పద్ధతి. స్క్రీన్ వెనక ఒక పల్చటి సెన్సర్ పొర ఉంటుంది. అది విడిచే విద్యుదయస్కాంత క్షేత్రంలోకి పెన్ను రాగానే పెన్నులోని చిన్న తీగచుట్ట అక్కడినుంచే శక్తి తీసుకుని తిరిగి సంకేతం పంపుతుంది. కాబట్టి రాయడానికి బ్యాటరీ అక్కర్లేదు. కొన్ని ఎస్ పెన్నుల్లో బ్లూటూత్ ఉన్న మాట నిజమే. కానీ అది దూరంనుంచి ఫొటో తీయడం, స్లైడ్లు మార్చడం లాంటి రిమోట్ పనులకే. ఆ ఛార్జ్ పూర్తిగా అయిపోయినా పెన్ను రాస్తూనే ఉంటుంది. గెలాక్సీ ట్యాబ్ ఎస్6 లైట్‌తో వచ్చే పెన్నుకైతే బ్లూటూత్ అసలే లేదు. దాన్ని పేర్ చేయడానికి పొద్దంతా కూర్చున్నా పేర్ కాదు, ఎందుకంటే పేర్ చేయడానికి అక్కడేమీ లేదు.

మూడోది ఆపిల్ పెన్సిల్, ట్యాబ్ కంపెనీలు తమ మోడళ్ళ కోసమే అమ్మే బ్లూటూత్ పెన్నులు. ఇవి నిజంగా పేర్ కావాల్సినవి.

నాలుగోది అసలైన తికమక. ఐప్యాడ్ పెన్ను అని ఆన్‌లైన్లో తక్కువ ధరకి దొరికే తెల్లటి పెన్నులు. చూపుకి ఆపిల్ పెన్సిల్ లాగే ఉంటాయి, ఛార్జింగ్ పెట్టాలి, పైన లైటు వెలుగుతుంది. కానీ వీటిలో ఎక్కువభాగం పేరింగ్ లేకుండానే రాస్తాయి. మొన దగ్గర పుట్టే సంకేతాన్ని ఐప్యాడ్ స్క్రీన్ నేరుగా గుర్తిస్తుంది. సాధారణంగా 2018, ఆ తర్వాత వచ్చిన ఐప్యాడ్‌ల మీదే పనిచేస్తాయి. ఆండ్రాయిడ్ ట్యాబ్ మీద పెడితే గీత కూడా పడదు. కొన్నింట్లో బ్లూటూత్ ఉన్నా, అది బ్యాటరీ శాతం చూపించడానికే.

షాపు కౌంటర్ దగ్గర ఈ నాలుగో రకం ఎలా తప్పుదారి పట్టిస్తుందో చూడండి.

"బాబూ, బ్లూటూత్‌లో పేరే రావట్లేదు. వారం కాలేదు కొని."

"పేరు రాకపోతే పెన్ను పోయినట్టే మాస్టారూ. కొత్తది చూపించమంటారా?"

"నిన్న రాత్రి దాకా రాసింది కదయ్యా."

ఆ చివరి మాటలోనే సమాధానం ఉంది. నిన్నటిదాకా బ్లూటూత్‌లో పేరు లేకుండానే రాసిందంటే పేరు రాకపోవడం లోపం కాదు. మరి ఈ రోజు ఎందుకు రాయలేదు? ఈ పెన్నులు కొన్ని నిమిషాలు వాడకపోతే వాటంతటవే నిద్రపోతాయి. పైభాగాన్ని వేలితో తట్టాలి, చాలావాటికి రెండుసార్లు. లైటు వెలిగితే స్క్రీన్ మీద గీత పడుతుంది. ఇంకో చిక్కు కూడా ఉంది. అదే ఐప్యాడ్‌కి ఇంట్లో ఎవరిదో అసలు ఆపిల్ పెన్సిల్ ముందే పేర్ అయి ఉంటే ఈ చవక పెన్ను సరిగా పనిచేయకపోవచ్చు. దానితో వచ్చే చిన్న కాగితంలో అసలు పెన్సిల్‌ని డిస్‌కనెక్ట్ చేయమనో, బ్లూటూత్ ఆపమనో రాసే ఉంటుంది. అంటే కనెక్ట్ చేయడానికి ఆన్ చేసిన బ్లూటూతే ఇక్కడ అడ్డం తిరగొచ్చు. ఆ కాగితాన్ని ఎవరూ చదవరు, అది వేరే సంగతి.

ఆపిల్ దగ్గర జత కుదరడమే పెద్ద పని

బ్లూటూత్ నిజంగా కావాల్సిన పెన్నుల్లో ఎక్కువ టెన్షన్ పెట్టేది ఆపిల్ పెన్సిలే. కారణం లోపం కాదు, రకాలు. ఇప్పటికి నాలుగు వచ్చాయి. ఏ ఐప్యాడ్‌కి ఏది నప్పుతుందన్నది పేరు చూసి చెప్పలేం.

2015లో వచ్చిన మొదటి తరం పెన్సిల్ వెనక మూత తీస్తే లైట్నింగ్ అనే ఆపిల్ పాత రకం ప్లగ్గు కనిపిస్తుంది. దాన్ని ఐప్యాడ్‌లో గుచ్చితే పేర్ అవుతుంది, ఛార్జ్ కూడా అక్కడే. 2022లో వచ్చిన పదో తరం ఐప్యాడ్‌కి యూఎస్‌బీ-సి పోర్టు పెట్టారు, కానీ పెన్సిల్ మాత్రం పాతదే నడుస్తుందన్నారు. గుచ్చడానికి చోటు లేదు. దాంతో చిన్న అడాప్టర్ ఒకటి, దానికి యూఎస్‌బీ-సి కేబుల్ ఒకటి కావాల్సి వచ్చింది. సెకండ్ హ్యాండ్‌లో పెన్సిల్ కొన్నవాళ్ళకి ఆ అడాప్టర్ రాదు. ఛార్జ్ ఎలాగోలా వేరేచోట ఎక్కించుకున్నా, పేరింగ్‌కి ఐప్యాడ్‌తో కలిపి తీరాలి. ఇక్కడ ఆగిపోయినవాళ్ళు బ్లూటూత్ ఎన్నిసార్లు ఆన్ చేసినా లాభం లేదు.

2018లో వచ్చిన రెండో తరానికి ప్లగ్గే లేదు. ఐప్యాడ్ పక్క అంచుకి అయస్కాంతంతో అతికిస్తే అక్కడే పేర్ అవుతుంది, అక్కడే ఛార్జ్ అవుతుంది. అప్పటి ఐప్యాడ్ ప్రోలు, నాలుగో, ఐదో తరం ఎయిర్, ఆరో తరం మినీ దీనికి సరిపోతాయి. 2024లో ఎం4 చిప్పుతో వచ్చిన ఐప్యాడ్ ప్రో, ఎం2 ఎయిర్ దీన్ని ఒప్పుకోవు. వాటికి 2024లోనే వచ్చిన పెన్సిల్ ప్రో గానీ యూఎస్‌బీ-సి పెన్సిల్ గానీ కావాలి. కొత్త ఐప్యాడ్ కొంటే పాత పెన్సిల్ ఎలాగూ ఉంది కదా అనుకున్నవాళ్ళకి ఇది చేదు వార్త. ఇది ఆపిల్ కావాలని చేసిన పనా, సాంకేతికంగా తప్పనిదా అన్న చర్చ ఎలా ఉన్నా, వాడేవాడి జేబుకి పడే చిల్లు ఒకటే.

2023లో వచ్చిన యూఎస్‌బీ-సి పెన్సిల్‌ది ఇంకో రకం మోసం, మోసం అనకూడదేమో గానీ. ఇది కూడా ఐప్యాడ్ అంచుకి టక్కున అతుక్కుంటుంది. అతుక్కుంది కదా, ఛార్జ్ అవుతోందనుకుని రాత్రంతా వదిలేస్తారు. అది దాచుకోవడానికి మాత్రమే. ఛార్జింగ్‌కీ, మొదటి పేరింగ్‌కీ వెనక భాగాన్ని జరిపితే కనిపించే పోర్టుకి కేబుల్ పెట్టి ఐప్యాడ్‌కి తగిలించాలి. నాలుగైదు రోజులు రాసి, ఓ ఉదయం ఉన్నట్టుండి కనెక్షన్ పోయిందంటే చాలాసార్లు జరిగింది ఇదే. ఈ పెన్సిల్‌కి ఒత్తిడిని గుర్తించే శక్తి కూడా లేదు. గట్టిగా నొక్కినా మెల్లగా నొక్కినా గీత మందం మారదు. లెక్కలు చెప్పే మాస్టారుకి దానితో పనిలేదు. చీర అంచు మీద గుడి గోపురపు బొమ్మ గీసేవాళ్ళకి మాత్రం సరిగా కనెక్ట్ కాలేదేమో అన్న అనుమానం వస్తుంది. కనెక్ట్ అయ్యే ఉంది. ఆ గుణం దానికి లేదంతే.

రెండు దారుల్లో ఏది మూసుకుంది?

ఆపిల్ పెన్సిల్ లాంటి బ్లూటూత్ పెన్ను ట్యాబ్‌తో రెండు దారుల్లో మాట్లాడుతుంది. మొన ఎక్కడుందో స్క్రీన్ తెలుసుకుంటుంది. ఎంత నొక్కుతున్నారు, బ్యాటరీ ఎంత ఉంది లాంటి కబుర్లు బ్లూటూత్ మీద వెళ్తాయి. ఈ సంగతి గుర్తుపెట్టుకుంటే వెతుకులాట సగం తగ్గుతుంది. సెట్టింగ్స్‌లో కనెక్టెడ్ అని చూపిస్తూ గీత పడకపోతే బ్లూటూత్‌ని వదిలేయాలి, లోపం మొన దగ్గరో స్క్రీన్ మీదో యాప్‌లోనో ఉంది. కనెక్టెడ్ అనే మాటే రాకపోతే అప్పుడు ఛార్జ్, పేరింగ్ చూడాలి. మనవాళ్ళు ఈ రెండింటినీ కలిపేసి, మొన వదులైనందుకు బ్లూటూత్‌ని తిట్టుకుంటారు.

ముందు మొన సంగతి. ఆపిల్ పెన్సిల్ మొన మరతో బిగించి ఉంటుంది. బ్యాగులో పెన్సిల్ బాక్సుతో పాటు దొర్లితే కొద్దిగా సడలుతుంది. అర చుట్టు సడలినా గీత తెగుతూ తెగుతూ వస్తుంది, లేదా అసలు రాదు. వేళ్ళతో కుడివైపుకి తిప్పి బిగిస్తే చాలు, పట్టకారు అక్కర్లేదు. మొన చివర అరిగి లోపలి లోహం తొంగిచూస్తుంటే మార్చేయాలి, లేదంటే తర్వాతి ఖర్చు స్క్రీన్‌ది.

ఎస్ పెన్ రకానికి ఇంకా తేలికైన పరీక్ష ఉంది. మొనని గాజుకి తాకించకుండా కొద్దిగా పైన, సుమారు ఒక సెంటీమీటరు ఎత్తులో పట్టుకోవాలి. స్క్రీన్ మీద చిన్న చుక్క కనిపించి పెన్నుతో పాటు కదిలిందంటే పెన్నూ బాగుంది, వెనక పొరా బాగుంది. చుక్క రాకపోతే రెండింట్లో ఒకటి పోయింది. ఏది పోయిందో తెలుసుకోవడానికి సర్వీస్ సెంటర్ దాకా వెళ్ళక్కర్లేదు. వీధిలో ఎవరి దగ్గరో గెలాక్సీ నోట్ ఫోనో, పెన్ను ఉండే అల్ట్రా ఫోనో ఉంటుంది. దాని పెన్ను అడిగి తెచ్చి ట్యాబ్ మీద పెట్టి చూస్తే సరి, ఎస్ పెన్ పెట్టిన శాంసంగ్ ట్యాబ్‌ల మీద అవి రాస్తాయి. మడతపెట్టే ఫోల్డ్ ఫోన్ల పెన్ను మాత్రం వేరే ఫ్రీక్వెన్సీది, దాన్ని తేవద్దు. అరువు పెన్ను రాస్తే మన పెన్ను పోయినట్టు. అదీ రాయకపోతే ట్యాబ్‌లోనే ఏదో ఉంది.

ట్యాబ్‌లో ఏముంటుంది? పగిలిన స్క్రీన్‌ని చవగ్గా మార్పించిన చరిత్ర ఉందేమో చూడాలి. డిస్‌ప్లే వెనక ఉండే సెన్సర్ పొరని పాతదాన్నుంచి తీసి సరిగా అతికించకపోయినా, దాని సన్నటి రిబ్బన్ కేబుల్‌ని బోర్డుకి తగిలించడం మర్చిపోయినా బొమ్మ బాగా వస్తుంది, వేలు బాగా పనిచేస్తుంది, పెన్ను మాత్రం పనిచేయదు. స్క్రీన్ మార్చిన రోజే పెన్నుతో నాలుగు మూలలా గీసి చూసుకుని డబ్బులివ్వాలి. నెల తర్వాత వెళ్తే షాపువాడు ఒప్పుకోడు. అతని వైపునుంచి చూస్తే అదీ న్యాయమే.

అయస్కాంతాల ఫ్లిప్ కవరు కూడా ఎస్ పెన్‌కి శత్రువే. కవరు వెనక్కి మడిచినప్పుడు దాని అయస్కాంతం సెన్సర్ పొర కిందికి వస్తే, స్క్రీన్ మీద ఒక పట్టీ మేర గీత వంకర్లు పోతుంది, లేదా మాయమవుతుంది. స్క్రీన్ అంతా బాగుండి ఒక్క చోటే పెన్ను చచ్చిపోతే ముందు కవరు విప్పి చూడాలి. మందపాటి టెంపర్డ్ గ్లాసు మిగతా రకాల పెన్నుల్ని ఎక్కువ ఇబ్బంది పెడుతుంది, ముఖ్యంగా గాజుకీ స్క్రీన్‌కీ మధ్య గాలి బుడగలు ఉంటే.

ఛార్జింగ్ పెట్టి క్లాసు చెప్పేటప్పుడే పెన్ను పిచ్చిగీతలు గీస్తుందని ఒక ఫిర్యాదు తరచూ ఉంటుంది. ఛార్జర్ పీకేసి రాసి చూడండి. గీత బాగైతే దోషి ఛార్జరే. రెండు పిన్నుల చవక ఛార్జర్లలో వడపోత సరిగా ఉండదు. అందులోంచి వచ్చే విద్యుత్ రొద టచ్ సెన్సర్‌ని తికమకపెడుతుంది. ట్యాబ్ లోహపు వీపు మీద చెయ్యి రాస్తే సన్నగా జిల్లుమంటుంటే అది ఇంకో ఆనవాలు. కంపెనీ ఛార్జర్ వాడడం, లేదా క్లాసు ముందే నిండా ఛార్జ్ చేసుకోవడం తప్ప దీనికి మందు లేదు.

ఇక కనెక్టెడ్ అనే మాటే రాని పెన్నులు. వీటిలో ఎక్కువభాగం ఛార్జ్ దగ్గరే తేలిపోతాయి. ఇక్కడ చాలామందికి తెలియని కిటుకు ఒకటుంది. యూఎస్‌బీ-సి పోర్టు ఉన్న చవక పెన్నుల్లో కొన్నింటికి, రెండు వైపులా సి ఉండే కొత్త కేబుల్‌తో ఛార్జ్ ఎక్కదు. ఆ రకం ఛార్జర్ అవతల వస్తువు ఉందని ముందు నిర్ధారించుకున్నాకే కరెంటు వదులుతుంది. అందుకు వస్తువు పోర్టులో రెండు చిన్న రెసిస్టర్లు ఉండాలి. పైసల ఖర్చు మిగుల్చుకోవడానికి కొందరు తయారీదార్లు అవి పెట్టరు. ఫలితంగా ఖరీదైన కొత్త ఛార్జర్‌కి పెడితే పెన్ను శవంలా పడి ఉంటుంది, పాత ఫోను ఛార్జర్‌కి వెడల్పు యూఎస్‌బీ కేబుల్‌తో పెడితే లైటు వెలుగుతుంది. పెన్ను పోయిందని తేల్చేముందు పాత ఛార్జర్‌తో ఒక్కసారి ప్రయత్నించాల్సిందే.

వేసవి సెలవుల తర్వాత పోయే పెన్నులది వేరే కథ. పరీక్షలు అవగానే ట్యాబ్, పెన్ను బీరువాలోకి వెళ్తాయి. కాలేజీ తెరిచాక తీస్తే పెన్ను లేవదు. ఇంత చిన్న వస్తువులో ఉండే లిథియం బ్యాటరీ చాలా చిన్నది. వాడకపోయినా కొద్దికొద్దిగా ఖాళీ అవుతూనే ఉంటుంది. వోల్టేజి ఒక హద్దు దాటి పడిపోతే రక్షణ సర్క్యూట్ దాన్ని మూసేస్తుంది. కొన్నిసార్లు కొన్ని గంటలు ఛార్జర్‌కే వదిలేస్తే తేరుకుంటుంది. రాత్రంతా పెట్టినా చలనం లేకపోతే ఆశ వదులుకోవచ్చు. మొదటి తరం ఆపిల్ పెన్సిల్‌ని 15 సెకన్లు గుచ్చితే అరగంట రాయొచ్చని కంపెనీ చెప్పేది, అది బాగున్న బ్యాటరీ మాట. నెలకోసారి బయటికి తీసి ఛార్జ్ పెట్టే ఇంట్లో ఈ చావు ఉండదు. కొన్ని ల్యాప్‌టాప్ పెన్నుల్లో ఏఏఏ కంటే సన్నటి ఏఏఏఏ సెల్లు వేస్తారు. చిన్న ఊళ్ళ దుకాణాల్లో అది అడిగితే ఏఏఏ చేతిలో పెడతారు. అది పట్టదు, తోయొద్దు.

ఛార్జ్ ఉండి కూడా కలవకపోతే అప్పుడు పేరింగ్ జ్ఞాపకాన్ని అనుమానించాలి. మొదటిసారి కలిసినప్పుడు పెన్నూ ట్యాబూ ఒక రహస్య కీని పంచుకుని చెరొక వైపు దాచుకుంటాయి. ఆ తర్వాత పెన్నుని అన్నయ్య ట్యాబ్‌కి కలిపితే పెన్ను కొత్త కీ నేర్చుకుంటుంది, చెల్లెలి ట్యాబ్ మాత్రం పాతదే పట్టుకు కూర్చుంటుంది. జాబితాలో పేరు ఉంటుంది, నొక్కితే చక్రం తిరుగుతూ ఉంటుంది. ఇలాంటప్పుడు బ్లూటూత్ ఆపి వేయడం దండగ. పెన్ను పేరు పక్కన గుర్తు నొక్కి ఫర్గెట్ చేసి, ట్యాబ్ రీస్టార్ట్ చేసి, మొదటినుంచి పేర్ చేయాలి. ఆపిల్ పెన్సిల్ ఒకసారికి ఒక్క ఐప్యాడ్‌తోనే ఉంటుంది. ఇంట్లో ఇద్దరు పంచుకుంటే చేతులు మారినప్పుడల్లా మళ్ళీ గుచ్చడమో అతికించడమో తప్పదు.

ఐప్యాడ్‌లో ఇంకో వింత. స్క్రీన్ పైనుంచి లాగే కంట్రోల్ సెంటర్‌లో బ్లూటూత్ బొత్తాం ఆపినా పెన్సిల్ కనెక్షన్ పోదు. సెట్టింగ్స్ లోపలికి వెళ్ళి ఆపితేనే పోతుంది. కాబట్టి పైన బొత్తాంతో ఆన్, ఆఫ్ చేసి బ్లూటూత్ రీసెట్ చేశాననుకుంటే అది చేయనట్టే. చుట్టుపక్కల వైఫై రూటర్లు ఎక్కువై బ్లూటూత్ అందట్లేదన్న మాట కూడా వినిపిస్తుంది. రెండూ 2.4 గిగాహెర్ట్జ్ దగ్గరే నడుస్తాయి కాబట్టి అసాధ్యమేం కాదు. కానీ జానెడు దూరంలో ఉన్న పెన్నుకి అది కారణం కావడం అరుదు, దాన్ని చివరి అనుమానంగానే ఉంచాలి.

రాస్తుంది, చదవదు

ఈ ప్రాంతానికే ప్రత్యేకమైన ఫిర్యాదు ఒకటుంది. పిల్లలు బడిలో ఒడియా, ఇంట్లో తెలుగు, పుస్తకంలో ఇంగ్లీషు. ట్యాబ్ మీద చేత్తో రాస్తే ఇంగ్లీషు అచ్చు అక్షరాలుగా మారుతుంది, తెలుగు మారదు. దాంతో పెన్ను తెలుగుకి కనెక్ట్ కావట్లేదంటారు. ఇక్కడ పెన్నుది ఏ తప్పూ లేదు. పెన్ను పని గీత గీయడం వరకే, దాన్ని అక్షరంగా పోల్చుకునేది సాఫ్ట్‌వేర్. ఐప్యాడ్‌లో చేతిరాతని అచ్చుగా మార్చే స్క్రిబుల్ 2020లో వచ్చినప్పుడు ఇంగ్లీషు, చైనీస్‌లకే పరిమితం. గూగుల్ 2015లో తెచ్చిన చేతిరాత కీబోర్డులో మాత్రం అప్పుడే తెలుగు ఉంది. ఆండ్రాయిడ్ ట్యాబ్ వాడేవాళ్ళు జీబోర్డ్‌లో తెలుగు కలుపుకునేటప్పుడు చేతిరాత లేఅవుట్‌ని ఎంచుకుంటే సరిపోతుంది.

గిడుగు రామమూర్తి పంతులు పర్లాకిమిడిలో ఉంటూ సవర భాషకి తెలుగు లిపిలో వాచకాలు రాశారు. అదే సవరలకి మంగేయి గొమాంగో 1936లో సొరంగ్ సొంపెంగ్ అనే సొంత లిపి తయారుచేశారు. కంప్యూటర్లు లిపుల్ని గుర్తుపట్టే ఉమ్మడి పట్టిక యూనికోడ్‌లోకి అది 2012లో వచ్చింది. ఇలాంటి లిపుల్లో నోట్సు రాసుకునేవాళ్ళకి అచ్చుగా మార్చే సౌకర్యం లేకపోయినా నష్టం లేదు, నోట్స్ యాప్‌లో బొమ్మలా ఉండిపోతుంది. నిజానికి ట్యాబ్ పెన్ను బాగా ఉపయోగపడేది అక్కడే, ఏ కీబోర్డుతోనూ పని లేకుండా.

నోట్స్ యాప్‌లో బాగా రాసి, క్లాసు చెప్పే యాప్‌లోని వైట్‌బోర్డు మీద మాత్రం రాయకపోతే కనెక్షన్ జోలికి పోవద్దు. ఆ యాప్‌లో పెన్ను ఆప్షన్ వేరే ఉంటుంది, లేదా యాప్ పాతబడింది. వేరే యాప్‌లో రాసి చూడడం కంటే త్వరగా తేలే పరీక్ష లేదు.

కొనేముందు, కొన్న రోజు

ఆన్‌లైన్లో అన్ని ట్యాబ్‌లకీ పనిచేస్తుందని రాసిన పెన్ను రబ్బరు బుడిపెదైతే ఆ మాట నిజం. సన్నటి మొన, ఛార్జింగ్, అరచెయ్యి ఆనినా గీత పడని సౌకర్యం అన్నీ ఉండి అన్నిటికీ పనిచేస్తుందంటే నమ్మకూడదు. కొనేముందు సెట్టింగ్స్‌లో అబౌట్ దగ్గర ట్యాబ్ పూర్తి మోడల్ నంబరు చూసుకోవాలి. శాంసంగ్ ట్యాబ్ అన్నంత మాత్రాన ఎస్ పెన్ నడవదు. గెలాక్సీ ట్యాబ్ ఎ9, ఎ9 ప్లస్‌లలో ఆ సెన్సర్ పొరే లేదు, ఎంత ఖరీదైన ఎస్ పెన్ తెచ్చినా అది ఉత్త ప్లాస్టిక్ పుల్ల. లెనోవో, షావోమీ, వన్‌ప్లస్‌లూ తమ పెన్నుల్ని ఫలానా మోడళ్ళకే అని ముందే చెప్పి అమ్ముతాయి.

పార్సిల్ వచ్చిన రోజే ఛార్జ్ పెట్టి, నాలుగు మూలలా గీసి, నొక్కి, అరచెయ్యి ఆనించి చూడాలి. రిటర్న్ గడువు దాటాక మిగిలేది వారంటీ ఒక్కటే. సరిహద్దు ఊళ్ళవాళ్ళకి ఇక్కడో సందేహం వస్తుంది: శ్రీకాకుళంలో బిల్లు చేయించిన వస్తువుకి పర్లాకిమిడిలో ఉంటూ ఎవర్ని అడగాలి? దేశమంతటా చెల్లే కంపెనీ వారంటీకి బిల్లు ఏ రాష్ట్రంలో చేసినా తేడా లేదు. గొడవ ముదిరితే 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం ఫిర్యాదుదారు నివసించే జిల్లా కమిషన్లోనే కేసు వేయొచ్చు, కొన్న ఊరికి వెళ్ళక్కర్లేదు. అంతకు ముందు మెట్టు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. ఫోన్ చేసేటప్పుడు బిల్లు, పెన్ను మోడల్, ట్యాబ్ మోడల్ నంబరు, అమ్మినవాడు రాసిన వివరాల స్క్రీన్‌షాట్ చేతిలో ఉంచుకోవాలి. ఆ స్క్రీన్‌షాట్ కొన్న రోజే తీసి పెట్టుకోవాలి, తర్వాత ఆ పేజీలో మాటలు మారిపోవచ్చు.